ఓడల దారిలో లంగరు

నాకు ఈత రాదు. ఆ సంగతి మా బావకు తెలుసు. విశాఖపట్నం చేపల రేవులో బోటు ఎక్కేటప్పుడు నన్ను చెయ్యి పట్టి లాగిన, బోటు నడిపే సరంగుకు మాత్రం తెలియదు. చెబుదామనుకున్నాను. చెబితే బావ ముఖం చిన్నబోతుందని ఊరుకున్నాను.

అప్పుడు, ఎనభైల చివర్లో, నేను ఉప్పల్‌లో ఒక సర్కారు పరిశోధన సంస్థలో జనరేటర్ సెక్షన్లో పని చేసేవాణ్ని. కరెంటు పోతే ల్యాబుల్లో ఫ్రిజ్‌లు ఆగిపోకుండా డీజిల్ ఇంజిన్లు నడపడం మా పని. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, పోయిందెప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అందువల్ల ఇంజిన్లు విప్పడం, బిగించడం నా చేతులకు కళ్లు మూసుకున్నా వచ్చేది.

బావ అంటే మా అక్క భర్త. రైల్వేలో గుమాస్తా. మేమూ వాళ్లూ నాచారంలో రెండు గల్లీల ఎడంగా ఉండేవాళ్లం. ఆదివారం వస్తే ఆయన పొద్దున్నే వానపాముల డబ్బా, గాలం తీసుకుని నాచారం చెరువు గట్టు మీద కూర్చునేవాడు. మధ్యాహ్నానికి నాలుగు జెల్లలో, ఒక కొర్రమట్టో దొరికితే కాలనీ అంతా చూసేలా సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చేవాడు. ఆ తర్వాత ఏడాదికేడాది చెరువు నీళ్లు నల్లబడ్డాయి, చేపలు తగ్గాయి. బావ సికింద్రాబాద్‌లో దారం చుట్టే రీలున్న ఒక పాత గాలం రాడ్డు కొన్నాడు. దానికి తగిన నీళ్లు ఇక్కడ లేవన్నాడు.

"సముద్రంల పడితే దాని మజానే వేరు బామ్మర్దీ. రాత్రంతా నడి సముద్రంల ఉంటం. మనిషంత చేప తగుల్తది, సూడు."

విశాఖపట్నానికి బదిలీ అయిన ఆయన పాత దోస్తు ఒకాయన బోటు మాట్లాడిపెట్టాడు. ఆ కాలంలో గాలం సరదా కోసం బోటు అద్దెకు తీసుకునేవాళ్లు అరుదు. వలలు వేయని రోజు చూసి ఒక సరంగు ఒప్పుకున్నాడు. ఆ దోస్తు మమ్మల్ని రేవులో దింపి, తనకు సముద్రం పడదని నవ్వుతూ స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు. నాకు అప్పుడే కాస్త గుబులు పుట్టింది.

బోటులో మేం నలుగురం. బావ, నేను, సరంగు, ఇంజిన్ చూసుకునే ఆయన తమ్ముడు. సరంగుకు యాభై ఏళ్లుంటాయి. ఎండకు కాలి నల్లబడ్డ వీపు, చెవి మీద సగం కాల్చిన చుట్ట. ఎక్కగానే బావ ఆయనతో గొప్పగా చెప్పాడు.

"మా బామ్మర్ది ఇంజిన్ల డాక్టర్. గవర్నమెంట్ల పెద్ద పెద్ద జనరేటర్లు రిపేర్ జేస్తడు."

"అయితే ఇంకేటి బాబూ, మాకు దిగుల్లేదు" అన్నాడు సరంగు.

ఒడ్డు కనిపిస్తున్నంతసేపు బాగానే ఉంది. రేవు పక్కనున్న కొండ సన్నగా గీతలా మారి, ఆ గీత కూడా పోయేసరికి నా కడుపులో తిప్పడం మొదలైంది. పొద్దు గూకేలోపు రెండుసార్లు కక్కుకున్నాను. సరంగు తమ్ముడు ఒక నిమ్మకాయ కోసి చేతిలో పెట్టాడు. నేను చెక్క మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం తప్ప మరేమీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆకాశం కూడా ఊగుతూనే ఉంది.

చీకటి పడ్డాక సరంగు ఒకచోట ఇంజిన్ ఆపి లంగరు వేశాడు. కింద రాళ్ల దిబ్బ ఉందట, పెద్ద చేపలు అక్కడే తిరుగుతాయట. ఇంజిన్ చప్పుడు ఆగగానే ఎంత నిశ్శబ్దమంటే, బోటు అడుగున నీళ్లు చెక్కను తడుతున్న చప్పుడు నా వీపు కిందే వినిపించింది. నాకూ ఆ నీళ్లకూ మధ్య రెండంగుళాల చెక్కే ఉందని అప్పుడు అర్థమైంది. లేచి కూర్చున్నాను. ఆ తర్వాత మళ్లీ పడుకోలేకపోయాను.

బావ ఒక చిన్న కానాగంత చేపను ఎరగా గుచ్చి రీలు వదిలాడు. గంటకు పైగా ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా రీలు కీచుమంటూ తిరిగింది. బావ రాడ్డును పొట్టకు ఆనించుకుని, ఒక కాలు అంచుకు తన్ని పట్టి వెనక్కి వాలాడు. దారం ఎడమకు కోసుకుంటూ పోయింది, తర్వాత బోటు కిందికి దూరింది.

"వదలండి బాబూ, దారం వదలండి! బిగపడితే తెంపేత్తాది!" అని సరంగు అరుస్తున్నాడు.

నేను వెనక నుంచి బావ నడుం పట్టుకున్నాను. ఆయన్ని కాపాడటానికని చూసేవాళ్లు అనుకోవచ్చు. నిజానికి పట్టుకోవడానికి నాకొక మనిషి కావాలి. అరగంట పెనుగులాట తర్వాత చేప పైకి వచ్చింది. మన దగ్గర వంజరం అంటామే, వాళ్లు కోనాం అంటారు, ఆ చేప. లాంతరు వెలుగులో తెల్లగా మెరిసింది. సరంగు కొక్కెంతో లోపలికి లాగితే చెక్క మీద దబదబా కొట్టుకుంది. బావ చిన్నపిల్లాడిలా గంతులు వేశాడు. నేను కూడా నవ్వాను. ఆ రాత్రి నేను నవ్వింది అప్పుడే.

ఆ సంబరంలో సరంగు తూర్పు వైపు చూసి మాట ఆపాడు. దూరంగా చిన్న దీపాలు కనిపిస్తున్నాయి.

"ఓడ. రేవుకి పోతన్నట్టుంది. మనం ఓ పక్కకి జరిగిపోదాం. ఇంజిన్ ఎయ్యరా" అన్నాడు తమ్ముడితో, మామూలుగానే.

తమ్ముడు ఇంజిన్ గుంటలోకి దిగి హ్యాండిల్ తిప్పాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు. మూడోసారి హ్యాండిల్ ఎదురు తన్నింది. "అమ్మా!" అని కేక వినిపించింది. పైకి వచ్చేసరికి అతని కుడి మణికట్టు పక్కకు వంగి ఉంది. సరంగు తన తలగుడ్డ విప్పి ఆ చేతికి కట్టు కట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బాబూ, తమరికి ఇంజిన్ పని తెలుసునన్నారు కదా. ఓపాలి సూడండి."

ఇంజిన్ దగ్గిన తీరు వినగానే నాకు సంగతి తెలిసిపోయింది. డీజిల్ పైపులో గాలి పట్టింది. ఫిల్టర్ దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి, గాలి పోయేదాకా డీజిల్ పంపు కొట్టి, స్క్రూ మళ్లీ బిగించాలి. ఉప్పల్‌లో వారానికి ఒకసారైనా చేసే పని. కానీ ఆ గుంట బోటు అడుగున ఉంది. సగం అడుగు నీళ్లు, నూనె వాసన, మనిషి వంగితే తప్ప పట్టని ఇరుకు. బోటు మునిగితే అందులోంచి బయటకు రాలేనని నాకు గట్టిగా అనిపించింది.

"సముద్రం ఇంజిన్లు నాకు తెల్వయన్నా" అన్నాను.

అబద్ధం. ఇన్నేళ్లయినా ఆ మాట నా గొంతులో అలాగే వినిపిస్తుంది. సరంగు తనే గుంటలోకి దిగాడు. బావ నా పక్కనే ఉన్నాడు. నా చొక్కా అంచు ఆయన పిడికిట్లో ఉంది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

పావుగంట గడిచింది. దీపాలు పెద్దవయ్యాయి. పైన రెండు తెల్లవి, వాటి కింద ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. సరంగు గుంటలోంచి తల పైకెత్తి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటకు వచ్చాడు. ఇంజిన్ సంగతి మరిచిపోయినట్టు నిలబడ్డాడు.

"ఏందన్నా? ఏమైంది?" అన్నాడు బావ.

"ఎర్రదొక్కటే అవపడితే ఓడ ఓ పక్కకి పోతన్నట్టు. పచ్చదొక్కటే అయితే ఇంకో పక్కకి. రెండూ అవపడతన్నాయంటే..."

ఓడ సూటిగా మా మీదికే వస్తోందని మాకు అర్థమైంది.

బావ టార్చి వెలిగించి గాలిలో ఊపడం మొదలుపెట్టాడు. "ఏయ్! ఏయ్! గిక్కడున్నం!" అని అరిచాడు. అంత పెద్ద ఓడ మీద ఎవరికి వినిపిస్తుంది? సరంగు ఒక గోనెసంచిని డీజిల్‌లో ముంచి, కర్రకు చుట్టి అంటించాడు. మంట లేచింది. ఆ వెలుగులో ఆయన పెదాలు వణకడం చూశాను. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి పెదాలు వణుకుతున్నాయి. అది చూశాక నాలో ఏదో తెగింది. ధైర్యం వచ్చిందని చెప్పలేను. పైన నిలబడి ఆ ఎర్రదీపం, పచ్చదీపం చూస్తూ ఉండటం కంటే గుంటలో ఉండటమే తక్కువ భయం అనిపించింది, అంతే.

"టార్చి ఇయ్యి బావా" అన్నాను.

టార్చి పళ్ల మధ్య పెట్టుకుని దిగాను. చీలమండలు మునిగే నీళ్లు. నూనె చేతుల్లోంచి స్పానర్ రెండుసార్లు జారి నీళ్లలో పడింది. రెండోసారి దాన్ని వెతుకుతూ చెయ్యి ఇనుప అంచుకు గీసుకుని చర్మం ఊడింది. నొప్పి తెలియలేదు. స్క్రూ వదులు చేశాను. పంపు కొట్టాను. బుడగలు వచ్చాయి. ఇంకా కొట్టాను. ఇంకా బుడగలే. పైన బావ అరుస్తున్నాడు.

"లంగరు తాడు తెంపన్నా, తెంపు!"

గొడ్డలి రెండు దెబ్బలు వినిపించాయి. బోటు ఒక్కసారిగా ఒరిగి కొట్టుకుపోసాగింది. అప్పుడే నాకు ఇంకో చప్పుడు వినపడింది. చెవులతో కాదు, పక్క చెక్కల్లోంచి, ఎముకల్లోంచి. దడ దడ దడమని ఓడ ఇంజిన్ నీళ్లలోంచి తెలుస్తోంది. మా అక్క ముఖం, నా భార్య ముఖం గుర్తొచ్చాయని చెబితే బాగుంటుంది కానీ, ఎవరూ గుర్తు రాలేదు. నాకు కనిపించింది ఆ స్క్రూ ఒక్కటే.

బుడగలు ఆగాయి. స్వచ్ఛమైన డీజిల్ చేతుల మీదుగా కారింది. స్క్రూ బిగించాను. సరంగు గుంటలోకి దూకి హ్యాండిల్ అందుకున్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం. మొదటిసారి రాలేదు. రెండోసారి ఒక పొగ ముద్ద నా ముఖాన కొట్టి, ఇంజిన్ అందుకుంది. సరంగు నా భుజం మీద కాలు వేసి పైకి ఎగబాకి చుక్కాని పట్టాడు.

నేను తల పైకి పెట్టేసరికి ఆకాశంలో సగం లేదు. నల్లటి గోడ ఒకటి మా పక్కనుంచి సాగిపోతోంది. దాని కిందినుంచి తెల్లటి నురగ ఎగిసి మా మీద పడింది. మా ఇంటి వాకిట్లో నిలబడి ఎదురింటి గోడను చూసినంత దగ్గర. పైన ఒక్క మనిషి కూడా కనబడలేదు. ఒక గుండ్రని కిటికీలో పసుపు దీపం మాత్రం వెలుగుతోంది. దాని అలలు వచ్చి తగిలినప్పుడు బోటు నిలువునా లేచింది. బావ జారి నా మీద పడ్డాడు. కోనాం చేప జారిపోయి నీళ్లలో పడింది. ఎవరూ దానివైపు చూడలేదు.

ఓడ వెళ్లిపోయింది. అది మమ్మల్ని చూసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

రేవుకు చేరాక సరంగు చర్మం ఊడిన నా చేతికి కొబ్బరినూనె రాసి, గుడ్డ చుట్టి, "తమరు లేకపోతే తెల్లారేది కాదు బాబూ" అన్నాడు. ఆ మాటకు నేను కుంగిపోయాను. ఆయన తమ్ముణ్ని బావా నేనూ రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, కట్టు వేయించాకే స్టేషన్‌కు వెళ్లాం.

తిరుగు రైల్లో కిటికీ పక్కన ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. గోదావరి దాటాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"బావా, నాకు గా ఇంజిన్ సంగతి మొదట్నే తెలుసు. దిగుతే సస్తనని భయపడి తెల్వదన్న. అప్పుడే దిగి ఉంటే ఓడ గంత దగ్గరికి రాకపోవు."

బావ నా చేతి కట్టు వైపు చూశాడు.

"నాకు ఎరుకే" అన్నాడు.

"మరి ఎందుకు అనలే?"

"నువ్వు లోపలికి దిగుతే పైన నేనొక్కణ్ని అయిత గదరా. గందుకే నీ అంగి వట్టుకున్న." తర్వాత, "మీ అక్కకు చెప్పకు" అన్నాడు. మళ్లీ వెంటనే, "లేదులే, నేనే చెప్త" అన్నాడు.

చెప్పాడు కూడా. ఇల్లు చేరిన రోజు సాయంత్రం మా ఇంట్లో అందరి ముందూ, తాను చొక్కా పట్టుకున్న సంగతితో సహా, ఏదీ దాచకుండా చెప్పాడు. మా అక్క తిట్టలేదు, ఏడవలేదు. ఆయన పక్కకు వచ్చి కూర్చుంది. నేను కూడా నా అబద్ధం గురించి చెప్పాను. నా భార్య నా చేతి కట్టు విప్పి, గాయం కడిగి, కొత్త గుడ్డ కడుతూ అడిగింది.

"మరి చివరికి ఎట్ల దిగినవ్?"

"పైన ఉండలేక" అన్నాను.

ఆమె తల ఊపింది. మరుసటి రోజు ఆ చేత్తోనే ఉప్పల్ వెళ్లి డ్యూటీ ఎక్కాను.