నీళ్ళొచ్చిన రోజున పడిపోయే లైను

మోడెం మీద నాలుగు లైట్లుండేవి. మూడోది కేబుల్ లైటు. అది ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతుంటే నాకు అన్నం సహించేది. అది టిక్కుటిక్కున కొట్టుకోవడం మొదలుపెట్టిందా, ఇక నా నోట్లోంచి మంచి మాట వచ్చేది కాదు. రెండు వేల అయిదో, ఆరో. గుంటూరులో మా పేటకి కేబుల్ ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులు. టీవీకొచ్చే నల్ల తీగలోనే నెట్టు కూడా వస్తుందంటే మా అత్తగారు నమ్మలేదు.

"ఒకే గొట్టంలో పాలూ నీళ్ళూ కలిపి పంపితే ఈ చివర ఎట్టా విడదీస్తారే?" అని అడిగారు.

నాకూ తెలియదు. "వాళ్ళేదో చేస్తార్లెండి అత్తయ్యా" అనేసి ఊరుకున్నాను.

ఇంట్లో మేమిద్దరమే. అప్పటికి మా ఆయన పోయి మూడు నెలలు. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసేవారు. ఒక మధ్యాహ్నం భోజనం క్యారేజీ విప్పుతూ విప్పుతూ పక్కకి ఒరిగిపోయారట. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మాకు పిల్లల్లేరు. మా అత్తగారిది కనిగిరి పక్కన పల్లె. మామగారు పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు కొడుకూ లేక, ఆవిడకి నేనూ నాకు ఆవిడా మిగిలాం. మా పుట్టింటివాళ్ళు చీరాల వచ్చేయమన్నారు. ఆవిడనెక్కడ పెట్టి వెళ్ళను? అందుకని అంతకుముందు ఆఫీసుకి వెళ్ళి చేసే పనినే ఇంటి దగ్గర చేస్తానని బతిమాలుకున్నాను. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటల్ని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, టైపు చేసి పంపే పని అది. సరేనన్నారు. ఒకటే షరతు. పొద్దున వచ్చిన ఫైళ్ళు పన్నెండింటికల్లా తిరిగి వెళ్ళాలి. ఆ పని పోతే ఆ ఇంట్లో మేమిద్దరం ఉండే దారి లేదు. ఆవిడ ఆ పల్లెకి, నేను చీరాలకి.

లైను పెట్టిన మొదటివారంలోనే పడిపోయింది. పొద్దున పదింటికి టీవీలో చుక్కలు, దాని గొంతులో బరబరా శబ్దం. అదే నిమిషంలో మోడెం మీద మూడో లైటు కొట్టుకోవడం. మధ్యాహ్నానికి దానంతటదే సర్దుకుంది. మర్నాడు బాగానే ఉంది. ఆ తర్వాతి రోజు మళ్ళీ పోయింది.

మా వీధికి కేబుల్ చూసే ఆయన నలభై దాటిన మనిషి, నిదానస్తుడు. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం వచ్చేవాడు. వచ్చేసరికి లైను సుబ్బరంగా ఉండేది. చేతిలో మీటరు పెట్టి చూసి, "సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందక్కా" అనేవాడు. రోగం వచ్చినప్పుడు రారు, తగ్గాక వచ్చి నాడి చూస్తారని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడేగాని కోపం తెచ్చుకునేవాడు కాదు. టీవీకీ మోడెంకీ తీగని రెండుగా చీల్చే చిన్న డబ్బా మార్చాడు. తీగ చివర బిరడాలు కోసి కొత్తవి వేశాడు. మోడెమే మార్చి చూశాడు. డాబా ఎక్కి, పిట్టగోడ దగ్గర ఇనపకడ్డీ నుంచి ట్యాంకు వెనక గొట్టం దాకా లాగిన తీగని, దాని మధ్యలో టేపు చుట్టిన జాయింటునీ తలెత్తి చూసి, "గట్టిగానే ఉంది" అన్నాడు. ఆ ఇనపకడ్డీ మా ఆయన పాతిందే. కేబుల్ టీవీ పెట్టించిన ఏడు, ఒక ఆదివారమంతా దాంతోనే గడిపేశారు.

మాఘం, ఫాల్గుణం వచ్చాయి. యార్డుకి మిర్చి బండ్లు మొదలయ్యాయి. గాలి ఇటు తిరిగితే పేటంతా తుమ్ములే. కేబులాయనకి కొత్త కారణం దొరికింది. "టిక్కీ బస్తాలు ఎత్తుగా వేసుకొచ్చే మిర్చి లారీలు రోడ్డు మీద తీగని గీరుకుంటా పోతన్నయ్యక్కా. అదీ సంగతి." నేనూ నమ్మాను. లారీలు రోజు విడిచి రోజు మాత్రమే ఎందుకొస్తాయని అప్పుడు తట్టలేదు.

తట్టడానికి ఒక పుస్తకం కావాల్సి వచ్చింది. మా ఆయన మిల్లు నుంచి తెచ్చిన పొడుగాటి పుస్తకంలో సగం ఖాళీగా ఉంటే, లైను పోయిన టైమూ వచ్చిన టైమూ రాయడం మొదలుపెట్టాను. మూడు నెలలు తిరిగేసరికి రెండు సంగతులు తేలాయి. ఒకటి, రోజు విడిచి రోజు పోతోంది. రెండోది వింతగా ఉంది. మంచు కురిసే రోజుల్లో పోయిన లైను మూడు గంటలకి గానీ వచ్చేది కాదు. ఎండలు ముదిరాక అరగంటకే వచ్చేస్తోంది. ఎండకి తీగ సాగుతుందని మధ్యలో కేబులాయన చెప్పిన ఇంకో కారణం అక్కడికి చెల్లకుండా పోయింది. కానీ ఆ రెండో సంగతికి అర్థం నాకు చిక్కలేదు. మొదటిదాన్నే పట్టుకున్నాను.

మా పేటకి మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు. లైను పోయేదీ నీళ్ళొచ్చే రోజునే. ఇక నాకు అనుమానం లేదు. నీళ్ళొస్తే తొట్టి నిండుతుంది, తొట్టి నిండితే ట్యాంకుకి మోటారు వేస్తాం, మోటారు వేస్తే కరెంటులో ఏదో గోల పుట్టి మోడెం చెడుతోంది. నేనేదో కనిపెట్టినట్టు పొంగిపోయి, "అత్తయ్యా, ఇకనుంచి పన్నెండింటి దాకా మోటారు వేయొద్దు" అని ఆర్డరు వేశాను.

"అట్టాగేలే అమ్మాయ్" అన్నారు.

అప్పటినుంచి ఆవిడ వంటకీ స్నానాలకీ తొట్టిలోంచి బిందెలతో తోడి మోసేవారు. నీటి చుక్క కోసం మైళ్ళు నడిచిన ఊరి మనిషి. నీళ్ళు మోయడం ఆవిడకి కొత్త కాదు. కానీ అప్పుడు మోకాళ్ళు బాగుండేవి. ఇప్పుడు గడప దాటేటప్పుడు తలుపు పట్టుకుని ఒక క్షణం ఆగేవారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న నాకు ఆ ఆగడం కనిపిస్తూనే ఉండేది. కళ్ళు తెరమీదికి తిప్పుకునేదాన్ని. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

మోటారు ఆపినా లైను పోతూనే ఉంది. అయినా భయానికి మోటారు వేయనివ్వలేదు. ఆఫీసు నుంచి ఒకసారి హెచ్చరిక వచ్చింది. ఇంకోసారి వచ్చింది. మూడోసారి ఫైలు ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఫోన్లో మర్యాదగానే చెప్పారు. ఆ రోజు భోజనం దగ్గర ఆవిడతో చెప్పాను. ఆవిడ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేసి, "ఏందిరా దేవుడా" అని మాత్రం అన్నారు.

ఆషాఢం చివర, నీళ్ళు ఆలస్యంగా వచ్చిన రోజు. మబ్బుగా ఉంది. పదకొండున్నర అవుతుండగా, చివరి ఫైలు పంపుతున్నాను. మూడో లైటు కొట్టుకుంది. నాకు ఒళ్ళంతా మంటెత్తింది. కేబులాయనకి ఫోన్ చేస్తే సాయంత్రం వస్తాడు. ఈసారి నేనే చూస్తానని మెట్లెక్కాను. అన్ని నెలల్లో లైను పోయి ఉన్నప్పుడు నేను డాబా ఎక్కడం అదే మొదటిసారి. పోయినప్పుడల్లా మోడెం ముందు కూర్చుని ఆపి, వేసి, తిట్టుకునేదాన్నే తప్ప పైకి చూడాలన్న తెలివి లేకపోయింది.

ట్యాంకు వెనక్కి తిరిగితే, కేబుల్ తీగ మీద మా ఆయన నీలం గళ్ళ చొక్కా ఆరేసి ఉంది.

నీళ్ళు కారుతున్నాయి. ఆ బరువుకి తీగ కిందికి వంగి, మధ్యలో టేపు చుట్టిన జాయింటు నోరు తెరుచుకుంది. ట్యాంకు నీడలో బోర్లించిన బకెట్టు మీద మా అత్తగారు కూర్చుని చొక్కా వైపే చూస్తున్నారు. నన్ను చూసి గబుక్కున లేచారు.

"ఇచ్చేస్తా అమ్మాయ్" అన్నారు. "ఇయ్యాలే ఇచ్చేస్తా."

పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని మావైపు పట్టింపు. పెద్దకర్మ రోజున మూటగట్టి, బట్టలు ఉతికే ఆమెకి ఇచ్చేస్తారు. ఆ మూట నేనే కట్టాను. ఎవరో తరుముతున్నట్టు, ఒక్కదాన్నీ ముఖానికి ఆనించుకోకుండా, మడతలు కూడా విప్పకుండా కట్టేశాను. గళ్ళ చొక్కా లేదని అప్పుడే చూశాను. మిల్లులో వదిలేసి ఉంటారనుకున్నాను.

"మూటలోంచి నేనే తీశా" అన్నారావిడ. "అన్నీ పోతే ఎట్టా అనిపించింది."

"ఇక్కడెందుకు ఆరేశారు అత్తయ్యా? ముందర దండెం ఉందిగా."

"దండెం మీదేస్తే నీ కంట పడుద్ది. నువ్వు తట్టుకోలేవు. ఈ తీగయితే చాటున ఉంటది, ఎవురి చెయ్యీ పడదు."

"మరి ఎవరూ తొడుక్కోని చొక్కాని ఇన్నిసార్లు ఉతకడం ఎందుకు?"

ఆవిడ చొక్కా చేతిని పట్టుకుని ముడతలు సాగదీశారు. "పెట్టెలో ఉంటే అది పోయినోడి చొక్కా. తీగ మీద ఆరతా ఉంటే వాడు నీళ్ళు పోసుకోవడానికి పోయినట్టుంటది. ఆరిందాకా ఇక్కడ కూచుంటా. అంతే."

మంచు రోజుల్లో మూడు గంటలు, ఎండల్లో అరగంట. నేను టైములు రాసుకున్న పుస్తకంలో ఉన్నది అదీ. తన కొడుకు ఇంట్లో ఉన్నాడని ఆవిడ అనుకోగలిగిన టైము.

"నీ పనికి అడ్డం పడేది ఇదేనేమోనని నాకు దిగులుగానే ఉంది" అన్నారు మళ్ళీ. "పోయినోళ్ళ గుడ్డ ఉంచుకుంటే ఇంటికి అచ్చిరాదంటారుగా. రెండుసార్లు గేటు దాకా తీసుకుపోయా. చేతులు రాలా అమ్మాయ్."

అడ్డం పడింది అదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చొక్కా తీసేస్తే లైను వస్తుంది. చేయి చాపితే అందేంత ఎత్తులో ఉంది. తీయలేకపోయాను. మూలనున్న దండెం కర్ర తెచ్చి, జాయింటు కింద ఆనించి, తీగని పైకెత్తాను.

"దీన్ని ఇట్టాగే పట్టుకోండి. నేను కిందికెళ్ళి ఫైలు పంపించి వస్తా."

"దీని బరువుకేనా?" అని ఆవిడ చొక్కా తీయబోయారు.

"కాదండీ. తీగ పాతబడింది, గాలికే ఊగుతోంది. అది అట్లా ఉండనీయండి."

నమ్మారో లేదో తెలియదు. రెండు చేతులతో కర్ర పట్టుకుని నిలబడ్డారు. నేను దిగి వచ్చి చూస్తే మూడో లైటు ఆకుపచ్చగా నిలిచింది. ఫైలు వెళ్ళేసరికి పన్నెండుకి అయిదు నిమిషాలుంది. మళ్ళీ పైకి వెళితే ఆవిడ అలాగే ఉన్నారు. మబ్బు విడిచి ఎండ కాస్తోంది. కర్ర వణుకుతోంది. నెత్తి మీది కొంగుపై చొక్కా నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. కర్ర అందుకుని, అప్పుడు ఏడ్చాను. అన్ని నెలల్లో ఆవిడ ఎదుట ఏడవడం అదే మొదలు. ఆవిడ నన్ను ఓదార్చలేదు, నాతోపాటు ఏడ్చారు.

మర్నాడు కేబులాయన వచ్చి, నేను చెప్పినట్టే ఇంటి రెండోవైపు నుంచి జాయింటు లేకుండా కొత్త తీగ లాగాడు. పాతది చుట్టబోతుంటే వద్దన్నాను.

"దండగ గదక్కా, ఎందుకూ పనికిరాదు."

"మాకు పనుంది. కాస్త బిగించి కట్టి పోండి."

మళ్ళీ మోటారు వేసుకున్నాం. లైను ఇక పోలేదు, నా పనీ పోలేదు. చొక్కా గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. నీళ్ళొచ్చిన రోజు పదింటికి మెట్ల మీద ఆవిడ అడుగులు వినిపిస్తే హెడ్‌ఫోన్లలో గొంతు పెంచుకునేదాన్ని.

రెండేళ్ళకి ఆవిడ స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి విరిగి మంచాన పడ్డారు. వారమైంది. నీళ్ళొచ్చిన ఒక పొద్దున, నేను బట్టలు నానబెడుతుంటే మంచం మీంచి నా వైపే చూస్తున్నారు. నేనే వెళ్ళి ఆవిడ పెట్టె తీసి, అడుగున ఉన్న చొక్కా తీసుకున్నాను. కాలరు చీకిపోయింది. గళ్ళు తెల్లబడ్డాయి. పెద్దకర్మ నాడు చేయని పని అప్పుడు చేశాను. ముఖానికి ఆనించుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. మా ఆయన ఎప్పుడో పోయారు అందులోంచి.

ఉతికి, పైకి తీసుకెళ్ళి, పాత తీగ మీద ఆరేశాను.

కిందికి రాగానే, "ఏశావా?" అన్నారు.

"వేశానత్తయ్యా."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నేను వెళ్ళి పనిలో కూర్చున్నాను. మోడెం మీద నాలుగు లైట్లూ చక్కగా వెలుగుతున్నాయి. చాలాసేపు టైపు చేయలేక మూడో లైటునే చూస్తూ కూర్చున్నాను. అది ఒక్కసారి, ఒక్క నిమిషం, మునుపటిలా పోతే బాగుండుననిపించింది.

పోలేదు.