నడుముకు చుట్టిన పడుగు

ఆ కాలంలో మా వైపు ప్రయాణమంటే మనిషొక్కడే వెళ్ళడం కాదు, సగం ఇల్లు వెంట వెళ్ళేది. భువనగిరి అంగడికి పోయినా సద్దిమూట, నీళ్ళ చెంబు, పరుచుకోవడానికి గొంగడి ఉండాల్సిందే. మా పెదనాయిన హైదరాబాదు దవాఖానకు వెళ్తూ నులకమంచాన్ని కూడా బస్సు మీద వేయించాడు (దవాఖాన మంచాల మీద ఆయనకు నమ్మకం లేదు). అలాంటి ఇంట్లో పుట్టిన నన్ను ఇరవై కిలోల సామానుతో విమానమెక్కి జర్మనీకి వెళ్ళమన్నారు. అప్పటికి నాకు మీసం కూడా సరిగా రాలేదు. ఏడుపు మాత్రం బాగా వచ్చేది.

మాది నేత ఇల్లు. మా బాపు తేలియా రుమాళ్ళు నేసేవాడు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోను రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత ముళ్ళు కట్టి రంగులద్దే పని అది. జర్మనీలో ఏదో పెద్ద ఎగ్జిబిషన్ పెడుతున్నారని, అక్కడ కూర్చుని నేసి చూపించే మనిషి కావాలని మా నేత సొసైటీకి కబురొచ్చింది. పిలుపు బాపుకే. ఆయన మాత్రం “ఇమానం ఎక్కితే నా పానం ఈడనే దిగుతది. పోరన్ని పంపుత. కని పడుగు మాత్రం నాదే పోవాలె” అని తేల్చేశాడు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాల వరస. ఆ వానాకాలమంతా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఒక్క పడుగుకే ముళ్ళు కట్టారు. మగ్గం అక్కడ ఇస్తారు గానీ, పడుగు చెడితే ఇంకోటి ఇచ్చేవాళ్ళు ఆ దేశంలో లేరు. దారాలు ఒకదాన్నొకటి దాటాయంటే రంగుల వరస తప్పి, బొమ్మ రావలసిన చోట మరక వస్తుంది. బాపు పనితనం అంత దూరం వెళ్ళి మరకగా మిగిలితే నేను మళ్ళీ ఆయన మొహం చూడగలనా అన్నదే నా దిగులు.

ఇక సర్దడం. కిలోలు అప్పుడప్పుడే వచ్చాయి, మా ఇంట్లో ఇంకా సేర్లే నడుస్తున్నాయి. నూలు తూచే తక్కెడను వాసానికి కట్టి, ఒక పళ్ళెంలో నా రేకు పెట్టె, రెండో పళ్ళెంలో షావుకారు దగ్గర అడిగి తెచ్చిన కిలో రాళ్ళు పెట్టారు. ఖాళీ పెట్టెకే పళ్ళెం కిందికి వంగింది. దాంట్లో పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె, పన్నె, దారపు కండెలు పెట్టాం (ఈ నేత సామాను లేకపోతే నేను జర్మనీ వెళ్ళి చేసేదేమీ లేదు). పడుగు పెట్టాం. ఇక నా బట్టలకు జాగా చూస్తున్నానో లేదో, మా అవ్వ చింతకాయ తొక్కు జాడీతో వచ్చింది.

“అవ్వా, బరువైతదే.”

“గా దేశంల జొన్నలు పండుతయారా?”

“ఏమో.”

“ఏమో అంటున్నవు, మరి ఏం తిని నేస్తవు?” అని జాడీ పెట్టి, దాని పక్కన రొట్టెల మూట పెట్టి, దాని మీద సకినాల డబ్బా పెట్టింది. నేను జాడీ తీస్తే సకినాలు రెండింతలయ్యేవి. సకినాలు తీస్తే జాడీ మళ్ళీ వచ్చి కూర్చునేది. చివరికి మూత పడకపోతే అవ్వే పెట్టె ఎక్కి కూర్చుంది. మూత పడింది గానీ తక్కెడ తాడు తెగింది. దాన్ని ముడేసి మళ్ళీ తూచారు. సొసైటీ మేనేజరు వచ్చి చూసి, “తులం ఎక్కువైనా ఎక్కనియ్యరు. ఏం తీస్తరో తియ్యిండ్రి” అని చెప్పి పోయాడు. నా రెండో జత బట్టలు తీశారు. చెప్పులు తీశారు. దుప్పటి తీశారు. నేను తప్ప తీయడానికి ఇంకేమీ మిగలలేదు, అయినా బరువు దిగలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చుని, ఈ జర్మనీ నా పాలిట ఎందుకు పుట్టిందా అని తల పట్టుకున్నాను.

అప్పటిదాకా బీడీ కాలుస్తూ చూస్తున్న బాపు లేచాడు. “ఒరే, పెట్టెను జోకుతరు గద. మనిషిని గూడ జోకుతరా?”

“మనిషిని జోకరు బాపు.”

“మరింక ఫికరేంది? అంగీ ఇప్పు.”

నట్టింట్లో నన్ను చేతులెత్తి నిలబెట్టాడు. అమ్మ పడుగు కొసను పట్టుకుని వాకిలిదాకా వెళ్ళి నిలుచుంది. బాపు నా చుట్టూ తిరుగుతూ, వరసకూ వరసకూ మధ్య పాత పంచె పీలికలు వేస్తూ, ఆ పడుగునంతా నా నడుము నుంచి చంకల దాకా చుట్టాడు. దారాల వరస ఎక్కడా తప్పకుండా కట్లు కట్టాడు. రోజూ మగ్గం దూలానికి చేసే మర్యాదే నాకు చేశాడు, తేడా ఏమిటంటే దూలం ఊపిరి తీయదు. “గాలి ఎక్కువ గుంజకు, పడుగు సాగుతది” అని కసిరాడు.

“కూసునుడెట్ల బాపు?”

“జర నిట్టనిలువుగ కూసో.”

“పండుకునుడు?”

“ఆడికి పోయినంక పండుకో. తొవ్వల మాత్రం ఇప్పకు. ఇప్పితే మళ్ళ చుట్టేటోడు ఆడ ఎవ్వడు లేడు.”

పైన కోటు తొడిగితే గుండీలు అందలేదు. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, “గిప్పుడు జర మనిషి లెక్క కొడుతున్నవు” అని మెటికలు విరిచింది. పడుగు బయటికి రావడంతో పెట్టెలో మిగిలిన జాగాలోకి రెండో తొక్కు జాడీ వెళ్ళింది. నా బట్టలు వెళ్ళలేదు.

ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. బేగంపేట దాటేసరికే చెమటకు నూనె కరిగి చొక్కాలోకి దిగింది. బొంబాయిలో తనిఖీ చేసే ఆఫీసరు నా పొట్ట మీద కర్రతో తట్టాడు. అది పొట్టలాగా పలకలేదు. నన్ను గదిలోకి తీసుకుపోయి కోటు విప్పించి, బంగారం ఎక్కడుందో చెప్పమన్నాడు. “దారం సాబ్, ఉట్టి దారం” అని నాకొచ్చిన ఉర్దూలో మొత్తుకున్నాను. మొత్తం విప్పమన్నాడు. బాపు మాట గుర్తొచ్చి ఆ గదిలో నిలబడి చేతులు రెండూ పైకెత్తి భోరున ఏడ్చాను (చేతులు దించితే కట్లు జారతాయి, కన్నీళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు). ఆయన ఒక పోగును వేలితో తాకి, వాసన చూసి, మొహం పక్కకు తిప్పి, ఆ వేలును గోడకు రుద్దుకుని, “జావ్ జావ్” అన్నాడు.

విమానంలో కట్టుకోవలసిన పట్టీ నా నడుము చుట్టూ చాలలేదు. ఆ విమానం పిల్ల నన్ను పెద్ద రోగంతో వైద్యానికి పోతున్న మనిషనుకుని జాలిగా చూసింది. పక్క సీటాయన జేబురుమాలు ముక్కుకు కట్టుకుని ఇంకెక్కడికో మారిపోయాడు. పాయిఖానాకు పోయే భయంతో గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. అందరూ నిద్రపోతే నేను కర్రలా కూర్చుని, సముద్రంలో పడితే నూనె నూలు తేలుతుందా మునుగుతుందా అని ఆలోచించాను.

దిగిన వెంటనే నేరుగా ఎగ్జిబిషన్‌కే తీసుకుపోయారు. మా దుకాణం చూసుకోవడానికి ఢిల్లీ నుంచి వచ్చిన మేడమ్ పెట్టె తెరిచి, “పడుగేది?” అని హిందీలో అడిగింది. కోటు విప్పి చూపించాను. కొస ఆమె చేతిలో పెట్టి, గట్టిగా పట్టుకోమని చెప్పి, నేను తిరగడం మొదలుపెట్టాను. గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ, వెనక్కి వెనక్కి పోతుంటే ఆ పెద్ద హాలు పొడవునా బాపు పడుగు పరుచుకుంటూ వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మి చివరి చుట్టులో కింద పడ్డాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇదే మా ప్రదర్శన అనుకున్నారు వాళ్ళు.

పడుగులో ఒక్క చిక్కు లేదు. మర్నాటి నుంచి మగ్గం మీద కూర్చుని ప్రాణం పెట్టి నేశాను. వచ్చిన వాళ్ళు ఒక క్షణం నిలబడి, వేలితో గాలిలో సున్నా చుట్టి, తిరిగేది ఎప్పుడని అడిగేవారు. లేదంటే పెదవి విరిచి పక్క దుకాణానికి పోయేవారు. బాపు కట్టిన ముళ్ళు, అద్దిన ఎరుపు, అంచులో తెచ్చిన చిన్న చిన్న చుక్కలు ఎవరికీ పట్టలేదు. రాత్రిళ్ళు తొక్కు నాకుతూ ఏడ్చాను. ఇంటికి పోయి ఆయనకు ఏమని చెప్పాలి?

ఇంటికొచ్చేసరికి బాపు మగ్గం గుంటలో ఉన్నాడు. కాళ్ళు కడుక్కోకముందే అడిగాడు. “ఏమన్నర్రా, నేత చూసి?”

దారి పొడవునా అల్లుకొచ్చిన అబద్ధాలు ఒక్కటీ నోటికి రాలేదు. “నేత ఎవ్వరు చూడలేదు బాపు. నేను తిరుగుడే చూసిన్రు. దినాం గదే అడిగిన్రు” అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన చేతిలో నాడె ఆగిపోయింది. ఎదురుగా ఉన్న పడుగును వేళ్ళతో సరిచేశాడు. “చిక్కు పడ్డదా?” అన్నాడు.

“ఒక్కటి పడలె.”

“తెగిందా?”

“తెగలె.”

“ఎట్ల తిరిగినవ్? జర చూపు.”

నేను చేతులెత్తి, ఆ నట్టింట్లో మళ్ళీ తిరిగాను. సిగ్గుతో, ఏడుపుతో, కళ్ళు మూసుకుని తిరిగాను. మగ్గం దంతెకు తగిలి పడబోతుంటే నవ్వు వినిపించింది. బాపు గుంటలో కూర్చుని దగ్గు వచ్చేదాకా నవ్వుతున్నాడు. నవ్వుతూనే రెండు చేతులూ ఎత్తి, ఆ దేశం వాళ్ళలాగే చప్పట్లు కొట్టాడు.

నేనిప్పుడు బాపు వయసు కూడా దాటాను. ఒక చుట్టు తిరిగితే చాలు, గోడ పట్టుకోవాలి. అప్పటి ఆ బక్క పోరడు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నట్టుంటుంది నాకు, కళ్ళు గట్టిగా మూసుకుని, తన పరువంతా పోయిందనుకుంటూ. ఒక్కసారి కళ్ళు తెరిచి బాపు మొహం చూడరా పిచ్చోడా, అని చెప్పాలనిపిస్తుంది.