గుడ్డ మీద వాన

కాళహస్తిలో కలంకారీ పని చేసే జ్ఞానాంబ కలాన్ని నల్లరంగులో ముంచిందంటే, కుండ అంచుకు ఒత్తి, కలానికి చుట్టిన ఉన్నిని బొటనవేలితో నొక్కి చూసుకున్నాకే గుడ్డ మీద పెడుతుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఒక్క చుక్క జారినా అది ఇక ఏ నీళ్ళకూ పోదు. పెండ్లికి ముందునుంచీ ఆమె చేతిలో చుక్క జారలేదు, జారవిడిచిన, తన దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలను ఆమె తిట్టకుండా వదల్లేదు. అట్లాంటి మనిషి ఆ సాయంత్రం తిరుపతిలో ఒక వేదిక మీద, వీడియోవాళ్ళ లైటు కింద, అంతమంది జనం ముందర తలకోన అడవిని గీస్తూ కూచుంది. పక్కన నాదస్వరం వాయించే బాలచంద్ర, వాద్యాన్ని ఒళ్ళో పడుకోబెట్టి, దాని మూతికి పెట్టే వట్టి పీకను ఊదుతున్నాడు. అతను నెమలి కూత కూస్తే ఆమె నెమలిని గీయాలి, అదీ ఒప్పందం. ఎప్పుడూ గీసే రాముడూ సీతా లేని గుడ్డ ఇంత హుషారిస్తుందని ఆమెకెవరూ చెప్పలేదు. ఆ ఊపులో కుండ అంచు సంగతే మరిచిపోయింది. నెమలి పైన, ఖాళీ ఆకాశంలో, టప్పున చుక్క పడింది. జ్ఞానాంబ కలాన్ని గబుక్కున పక్కకు లాగేసింది. బాలచంద్ర ఆ చుక్కను చూసి, పీకను నాలుకతో తట్టి 'టిక్' మనిపించినాడు.

"ఏందప్పా అది?" అంది ఆమె, గొంతు తగ్గించి.

"వాన గదక్కా. నువ్వే గదా మొదలుపెట్టింది."

ఇంతసేపూ అతని కూతల వెంబడి పరుగెత్తిన జ్ఞానాంబ, కలాన్ని కుండ అడుగుదాకా ముంచింది. అంచుకు ఒత్తలేదు.

"అయితే ఊదు సూద్దాం," అని చెయ్యెత్తి కలాన్ని గుడ్డ మీద విదిలించింది.