చేతికి అలవాటైన పిల్ల

తిమింగలాన్ని మొదటిసారి తాకిన రోజు మా మామయ్య లిబ్రాదో పంట్లాం తడిసింది సముద్రపు నీళ్లతో కాదని మా అత్తగారు బతికున్నన్నాళ్లూ చెప్పి నవ్వేవారు. ఆయన కోప్పడేవారు కాదు.

"భయపడనివాడు ఎవడే? మా నాన్న వాటిని చూస్తే తెడ్డుతో పడవ అడుగు దబదబా మోగించి తరిమేవాడు. దయ్యాలనేవాడు. ఆ ఇంట్లో పుట్టి చెయ్యి చాపానంటే నా గుండె ఎంతదో చూసుకో" అనేవారు.

"గుండె సంగతి తెలీదు గానీ, పంట్లాం ఉతికింది నేను" అనేవారు అత్తగారు.

మామయ్య పుట్టింది శాన్ ఇగ్నాసియో సరస్సు ఒడ్డున. సముద్రం ఎడారిలోకి చొచ్చుకొచ్చి అక్కడ సరస్సైంది. చలికాలం రాగానే ఉత్తరపు సముద్రాల నుంచి తిమింగలాలు సరస్సు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి వచ్చి పిల్లల్ని కంటాయి. ఏప్రిల్‌కల్లా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోతాయి. వేసవిలో మావాళ్లు చేపలు పడతారు. చలికాలంలో పడవలు కడిగి, చూడవచ్చిన వాళ్లను ఎక్కించుకుంటారు. చూడవచ్చిన వాళ్లు చూసి ఊరుకోరు. తాకాలి. తాకి ఏడుస్తారు కూడా. మామయ్య ముప్పై ఏళ్లు అలాంటివాళ్లను తిప్పారు.

నా భర్త ఎవెలియోకు ఎనిమిదేళ్లప్పుడు సరస్సులో ఒక తిమింగలం పిల్ల పుట్టింది. తోక మొదట్లో గాలంలాంటి తెల్లని మచ్చ. ఆ పిల్ల ఏ పడవ దగ్గరికీ పోయేది కాదట, మామయ్య పడవ దగ్గరికే వచ్చేది. దవడ కింద గోకితే ఒళ్లంతా ఒక పక్కకు వాల్చి, పడవకు ఆనుకుని ఉండిపోయేది. ఐదు వారాలు రోజూ గోకారు. అది పెద్దదై, మళ్లీ వచ్చి, తన పిల్లల్ని కూడా ఆయన పడవ దగ్గరికే తోసుకొచ్చింది. మామయ్య దాన్ని కూతురనేవారు. ఎవెలియో చెల్లి అనేవాడు.

నేను ఖర్జూరపు తోటల ఊరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి చలికాలం, ఎవెలియో నన్ను పడవెక్కించాడు. నీళ్లలోంచి గోడలాంటిది లేచింది. నేను కెవ్వుమన్నాను.

"నీ ఆడపడుచు. వంగి పలకరించు, లేకపోతే మా అమ్మకి నీమీద చాడీలు చెప్తుంది" అన్నాడు.

"నీ వంటకి వంకలు పెట్టని ఆడపడుచు ఇదొక్కతే అమ్మాయ్" అన్నారు వెనక నుంచి మామయ్య.

చెయ్యి పెట్టాను. తడిపి, నూనె రాసి, పక్కన పెట్టిన పిండిముద్దలా ఉంది. ఇంటికొచ్చాక చాలాసేపు చెయ్యి కడుక్కోవాలనిపించలేదు. ఆ సంతోషం అబద్ధమని నేనిప్పుడూ చెప్పను.

సరస్సులో పడవ నడిపే ప్రతి మనిషికీ వేళ్లలోనే ఒక అలవాటు ఉంటుంది. తిమింగలం దగ్గరికొస్తే మోటారు ఆపరు, గేరు మాత్రం తీసేస్తారు. మోటారు ఊరికే తిరుగుతుంటే ఆ చప్పుడుకు పడవ ఎక్కడుందో దానికి తెలుస్తుంది. నీళ్లలో తిరిగే పంకా ఆగుతుంది కాబట్టి దాని ఒళ్లు తెగదు. ఇది మర్యాద. ఎవెలియోకు ఈ మర్యాద వాళ్ల నాన్నే నేర్పారు.

మొగ దగ్గర అలవాటు దీనికి తలకిందులు. ఆటు వేళ నీళ్లు బయటికి లాగుతుంటే, వాయవ్యపు గాలి ఎదురు కొడుతుంటే, ఇసుక తిన్నెల మీద అల విరుగుతుంది. అక్కడ మోటారు మీద చెయ్యి సడలకూడదు. సడలితే పడవ అడ్డం తిరుగుతుంది. ఇది కూడా మామయ్యే నేర్పారు. రెండు అలవాట్లూ ఒకేచోట ఎదురుపడతాయని ఆయనకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

ఒక ఏడు మార్చి నెలలో, చూడవచ్చిన వాళ్లు లేని రోజున, ఎవెలియో, అతని జోడు తొరీబియో బయటి సముద్రంలో చేపలు పట్టుకుని వస్తున్నారు. పడవ నిండా బరువు. మొగలో అల విరుగుతోంది. సరిగ్గా అక్కడ పడవ పక్కన మచ్చ ఉన్న తోక లేచింది. తొరీబియో మా వాకిట్లో నేలమీద కూర్చుని చెప్పిన మాటలు ఇవి.

"వదినా, నేను చూస్తూనే ఉన్నా. 'చెల్లొచ్చిందిరా, పంకా తగుల్తుంది' అన్నాడు. గేరు తీసేశాడు. ఒరే ఇక్కడ కాదురా అని అరిచేలోగా అల వచ్చేసింది."

తొరీబియో ఖాళీ పెట్రోలు డబ్బా పట్టుకుని ఒడ్డుకు చేరాడు. ఎవెలియో మూడోనాడు ఇసుక దీవిలో దొరికాడు. బోర్లాపడిన పడవ అడుగుకు ఆ తిమింగలం చాలాసేపు ఒళ్లు రాసుకుంటూ ఉందని కూడా తొరీబియో చెప్పాడు. ఆ సంగతి నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది.

తొమ్మిది రోజుల ప్రార్థనలకు ఊరంతా వచ్చింది. ఇది సముద్రం చేసిన పని అన్నారు. పదో రోజు మామయ్య పొయ్యి దగ్గరికొచ్చి, "అమ్మాయ్, దానికి పడవంటే చెయ్యి అని నేర్పింది నేనే" అన్నారు. నేను రొట్టె తిరగేస్తున్నాను. కాదు మామయ్యా అని ఒక్క మాట అనవలసింది. అనలేదు. రొట్టె మాడింది.

ఆ తర్వాతి ఏడాది అది రాలేదు. ఆ పై ఏడాది ఫిబ్రవరిలో పిల్లతో వచ్చింది.

మామయ్య ఆ రోజు కాఫీ ముట్టలేదు. "ఈ పిల్లకి చెయ్యి అలవాటు కాకూడదు. మిగతావాటి సంగతి నా చేతుల్లో లేదు. ఇది ఒక్కటి" అన్నారు. అప్పటి నుంచి ఆయన బతుకంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ముందు పడవలవాళ్లందరినీ అడిగారు. చూడవచ్చిన వాళ్లు దిగే మా క్యాంపు నడిపేది ఆయన మేనల్లుడు ఫెర్మిన్. భోజనాల గుడారంలో అందరూ కూర్చున్నారు. నేను చిక్కుడు గింజల గిన్నె తీసుకెళ్లి, అక్కడే నిలబడి విన్నాను.

"ఆ పిల్ల వస్తే పడవ పక్కకి తీసెయ్యండి. చేతులు పెట్టనివ్వకండి. ఒక్కదాన్ని వదిలెయ్యండిరా" అన్నారు మామయ్య.

"మనం పోతున్నామా మామా? అవే వస్తున్నాయి. వాళ్లమ్మే ముక్కుతో తోసి తెస్తోంది. వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోంచి పొమ్మంటామా?" అన్నాడు ఫెర్మిన్.

"చుట్టం ఇక్కణ్నుంచి ఎక్కడికి పోతుందిరా? దారి పొడుగునా ఓడలు, వలలు. అక్కడి పడవల్లో వాళ్లు నీలా చేతులు చాపుకుని కూర్చోరు. మన మొగలోనే ఏమైందో చూశావుగా."

ఫెర్మిన్ చెడ్డవాడు కాదు.

"మామా, కంపెనీవాళ్లు ఉప్పు మడులు తవ్వుతామని వచ్చినప్పుడు ఈ సరస్సుని కాపాడిందెవరు? ఇక్కడ చెయ్యి పెట్టి వెళ్లినవాళ్లే కదా దేశాల నుంచి ఉత్తరాలు రాసింది! దూరం నుంచి చూసిపోయినవాడు రాస్తాడా?"

"అదీ నిజమే" అన్నారు మామయ్య. టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నారు. వెనక నుంచి ఎవరో, "కొడుకు పోయిన కసి చంటిపిల్ల మీద తీర్చుకుంటున్నాడు ముసలాడు" అన్నారు. తొరీబియో వాణ్ని కొట్టడానికి లేచాడు. మామయ్యే పట్టుకుని కూర్చోబెట్టారు.

తన పడవలో తన మాట నిలబెట్టుకోవాలని చూశారు. జబ్బుతో జుట్టంతా రాలిపోయి, తలకు గుడ్డ చుట్టుకున్న ఒకావిడ ఎక్కడి నుంచో వచ్చింది. చెయ్యి నీళ్లలో పెట్టి పొద్దుటి నుంచి ఎదురుచూసింది. పిల్ల వచ్చింది. జానెడు దూరంలో ఉండగా మామయ్య గేరు వేసి పడవ తప్పించారు. ఆవిడ తిట్టలేదు. చేతిని ఒళ్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

"ఆ తల్లి ఏం పాపం చేసిందమ్మాయ్?" అన్నారు. మర్నాడు మళ్లీ అలాగే తప్పించారు. మూడోరోజు ఫెర్మిన్ ఇంటికొచ్చి, "రేపటి నుంచి నీ వంతు ఇంకొకరికిస్తున్నా. తప్పుగా అనుకోకు మామా" అని చెప్పి, గుమ్మంలోంచే వెళ్లిపోయాడు.

ఆ వారమే నన్నడిగారు, మోటారు పట్టుకోవడం వచ్చా అని.

"ఎవెలియో నేర్పాడు."

"తెడ్డు పట్టుకుంటే నాకు మోటారుకి చేతులుండవు. వస్తావా?"

రెండేళ్లుగా నేను నీళ్ల మీదికి పోలేదు. వెళ్లాను. తిమింగలాలుండే చోట చేపల పడవ దాటి పోవచ్చు గానీ ఆగకూడదని నియమం. క్యాంపు పడవలు రాకముందే, తెల్లవారుతుండగానే వెళ్లి ఆగేవాళ్లం. మామయ్య వాళ్ల నాన్న చేసినట్టే తెడ్డుతో పడవ అడుగు మోగించారు. మొదటి రోజు పిల్ల బెదిరి తల్లి కిందకు దూరింది. ఆ పూట మామయ్య రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారు. రెండోరోజు దూరంగా తల ఎత్తి వింది. మూడోరోజు మేం మోగించగానే ఎదురొచ్చింది. ఇటు మోగిస్తే ఇటు, అటు మోగిస్తే అటు. తెడ్డు తగిలే చోట ముక్కు ఆనించి కాచుకుని ఉంది.

"ఆటనుకుంటోంది మామయ్యా."

ఆయన తెడ్డు కింద పెట్టి చాలాసేపు దాన్ని చూశారు. "తరిమినా మనమే, పిలిచినా మనమే. దానికి తేడా ఎలా తెలుస్తుంది? నొప్పి తెలియాలి. పడవంటే నొప్పి అని తెలియాలి" అన్నారు.

నాలుగోరోజు గాలి లేదు. పిల్ల నేరుగా వచ్చి పడవ అంచు మీదికి మూతి ఎత్తింది. మామయ్య తెడ్డు ఎత్తారు. ఎత్తిన చెయ్యి దిగలేదు. చివరికి తెడ్డు నా వైపు చాపారు.

"నా వల్ల కాదు. నువ్వు కొట్టు. కొట్టే హక్కు నీకే ఉంది."

చోట్లు మారాం. మొదటి దెబ్బ దాని మంచికే కొట్టాను. రెండోది కాదు. ఎందుకు కొట్టానో నాకు తెలుసు, మామయ్యకూ తెలుసు. ముక్కు మీద బెత్తెడు మేర తోలు లేచి, నీళ్లలో సన్నగా ఎర్రటి చార సాగింది. పిల్ల మునిగిపోయింది. ఇక రాదనుకున్నాం. నేను తెడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మామయ్య శిలువ గుర్తు వేసుకున్నారు.

అప్పుడు తల్లి లేచింది. దాని కన్ను నీళ్లపైన ఉంది. అది కోపగించుకుని పడవ తిరగేస్తే బాగుండుననిపించింది. తిరగెయ్యలేదు. పిల్లను ముక్కు మీద ఎత్తుకుని, మెల్లగా, మా దగ్గరికే తోసింది. దెబ్బ తగిలితే ఇంటికి తీసుకొచ్చినట్టు.

పిల్ల పడవకు ఆనుకుంది. మామయ్య గేరు తీసి, మోటారు వదిలేసి, మోకాళ్ల మీద వంగి గాయం మీద అరచెయ్యి పెట్టారు. పెట్టినట్టు ఆయనకే తెలియదు. "అయ్యో అయ్యో" అంటూ రాస్తున్నారు.

"మామయ్యా, చెయ్యి" అన్నాను.

ఆయన తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. "ఇక తీసినా ఒకటేనమ్మా" అన్నారు. తియ్యలేదు. క్యాంపు పడవల చప్పుడు వినబడేదాకా అలా రాస్తూనే ఉన్నారు.

ఆ ఏడు సరస్సులో అంత మచ్చికైన పిల్ల ఇంకోటి లేదన్నారు. అన్ని పడవల దగ్గరికీ పోయేది. వచ్చినవాళ్లంతా ముక్కు మీద మచ్చ ఉన్న పిల్ల ఏదీ అని అడిగి మరీ ఎక్కేవారు. ఆ మచ్చ నేను పెట్టింది. ఏప్రిల్ మొదటి వారంలో తల్లీపిల్లా మొగ దాటి వెళ్లిపోయాయి. ఎక్కడున్నాయో, ఉన్నాయో లేవో, ఉత్తరం నుంచి మాకు కబురు చెప్పేవాళ్లు లేరు.

మరుసటి చలికాలం ఫెర్మిన్ వచ్చి వంతు మళ్లీ ఇస్తానంటే మామయ్య సరేనన్నారు. ఎందుకని నేను అడగలేదు. పొద్దున్నే ఎండుమాంసం వేయించి రొట్టెల్లో చుట్టి ఇస్తాను, పట్టుకుని వెళ్తారు. ఇప్పుడాయన ఎవరినీ ఆపరు, పడవ తప్పించరు. జనం తాకుతున్నంతసేపూ మొగవైపు చూస్తూ కూర్చుంటారట.

మొన్నొకరోజు పడవలో ఒకతను, తాకితే వాటికి నిజంగా ఇష్టమేనా అని అడిగాడట. భాష మార్చి చెప్పడానికి ఫెర్మిన్ పక్కనే ఉన్నాడు.

"ఇష్టమేనయ్యా. ఇష్టం కాకపోయుంటే మావాడు బతికేవాడు" అన్నారట మామయ్య.

ఫెర్మిన్ మొదటి ముక్క మాత్రమే వాళ్ల భాషలో చెప్పాడని, అందరూ చప్పట్లు కొట్టారని తొరీబియో వచ్చి చెప్పాడు.