మేస్త్రీ అడిగిన కాగితం

ఆరేళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. ఆ కాగితం ఇప్పుడు లేదు. నేనే చింపేశాను. అయినా బరువు తగ్గలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను.

డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఇంజనీరు సారు చెబుతుంటే కొలతలు ఎక్కించడం, ఎక్కడ ఎంత లావు రాడ్లు వేయాలో జాబితా ప్రింటు తీసి ఇవ్వడం నా పని. ప్రతి శనివారం ఫైళ్లన్నీ ఫ్లాపీలోకి కాపీ చేసి, మీద తేదీ రాసి, బీరువాలో పెట్టాలి. నేను తేదీ మాత్రం రాసేదాన్ని. బస్సు టైమయ్యేది. లోపల ఏముందో ఎవరు చూస్తారు?

ఒకరోజు మా చిన్నమ్మ కూతురి పెళ్లికని నెట్ సెంటర్ నుంచి మెహందీ డిజైన్లు తెచ్చి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాను. వాటితో పాటు వైరస్ వచ్చింది. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. బోధన్‌లో కడుతున్న ఆసుపత్రి బాల్కనీకి జాబితా ఆ మధ్యాహ్నమే ఇవ్వాలి. బీరువాలోని ఫ్లాపీ తీశాను. మీద మొన్నటి శనివారం తేదీ, లోపల రెండు నెలల కిందటి కొలతలు. సారును అడగవచ్చు. అడిగితే అంతా బయటపడుతుంది. పాత జాబితానే ప్రింటు తీశాను. పెద్దగా మారి ఉండదులే అనుకున్నానా? మధ్యలో సారు చెప్పిన మార్పులు టైపు చేసింది నేనే కదా, నాకు నిజంగా ఏమీ గుర్తులేదా, లేక గుర్తు తెచ్చుకోవడానికే భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కాగితం కోసం మేస్త్రీ వచ్చాడు. రెంజల్ ఊరి మనిషి. మా బాపు వయసు.

“బిడ్డా, బాల్కనీ బయటికి పెంచిండ్రు గద. సారు పన్నెండు ఎంఎం రాడ్లు అన్నట్టు యాదికుంది. గిండ్ల పదే ఉందేంది?”

“కంప్యూటర్ల కెల్లి వచ్చింది మేస్త్రీ. దానికంటె నీకు ఎక్కువ తెలుసా?”

ఆయన నవ్వాడు. “నాకు ఇనుమొక్కటే తెలుసు బిడ్డా. నీ మిషిను సదువుకున్నది. సరే, గట్లనే కానియ్.”

స్లాబు పోశాక ఆ జాబితాను పద్ధతి ప్రకారం నాకు తిరిగిచ్చేశాడు.

సెంట్రింగు కర్రలు తీసిన రోజు బాల్కనీ గోడ దగ్గర పగిలి కిందికి వాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పగలగొట్టి చూస్తే సన్న రాడ్లు. మేస్త్రీ లావు రాడ్లు అమ్ముకున్నాడని అన్నారు. పన్నెండే చెప్పానని సారు అరుస్తుంటే విన్నాను. ఆ సాయంత్రం పదిని పన్నెండు చేసి కొత్త ప్రింటు తీశాను. పాతది చింపేశాను.

మర్నాడు మేస్త్రీ అందరి ముందు నన్నే అడిగాడు.

“బిడ్డా, గా కాగితం నీ ఫైలుల ఉంది గద. జర సార్లకు సూపియ్యి.”

చూపించాను. ఆయన దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ చూపుకు అర్థం వెతకడం నేను ఇంకా మానలేదు.

తర్వాత ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. ఆదివారాలు చర్చికి వెళ్లడం కూడా మానేశాడని విన్నాను. ఒకసారి బోధన్ బస్సులోంచి, చెరకు నరికేవాళ్లలో ఆయనను చూశాను. తల తిప్పుకున్నాను.

ఇప్పుడు నాకు ఎనిమిది నెలల పాప. పాపను ఎత్తుకొని ఎవరి బాల్కనీలోకీ వెళ్లను. నిద్రలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. ఇది శిక్షేనా? శిక్ష అనుభవించింది ఆయన. నాది ఉట్టి భయం.

ఆయన రాడ్లు అమ్ముకోలేదు. నేనిచ్చిన కాగితం చూసి కట్టాడు. ఈ మాట ఆయన వినడు. రాశాను, అంతే.