నిలిచిన నీళ్ల మీద చిన్నాయన

మా చిన్నాయన పోయినాడు. గిద్దలూరు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టిస్తుంటే పిన్ని ఫోన్ చేసింది. "పొద్దున బాగనే మాట్లాడినాడమ్మా. ఎండెక్కేసరికి లేడు" అంది. ఏం చేయాలో తోచక, పిల్లలకు గుడ్లు పంచుతూనే ఉండిపోయినాను.

మా నాయనకు తమ్ముడాయన. మాది పుల్లలచెరువు వైపు కూలి చేసుకునే కుటుంబం. వయసులో ఉన్నప్పుడు బిల్డింగు పనులకని ఉత్తరాదికి పోయి, గంగలో జనాన్ని పడవల్లో తిప్పే కంపెనీలో చేరినాడు. వడిగా పారే నీళ్లలో పొట్టి పడవతో చేసే విన్యాసాలన్నీ అక్కడే నేర్చినాడు. నాయనమ్మ మంచాన పడిందని తెలిసి, కంపెనీ వాళ్లు పక్కన పడేసిన ప్లాస్టిక్ పడవ ఒకటి లారీలో వేసుకొని వచ్చేసినాడు. మా ఊళ్లో తాగడానికే నీళ్లు కరువు. పడవను కంభం చెరువు దగ్గర, చేపలు పట్టే స్నేహితుని ఇంట్లో పెట్టినాడు.

నేను బీఈడీ చదివేటప్పుడు సెలవుల్లో నాకు నేర్పినాడు. పడవలో మోకాళ్ల మీద కూర్చోవాలి. చేతిలో ఒకే రెక్క ఉండే తెడ్డు. పడవను పక్కకు వాల్చి అంచు మీద నిలపాలి. బోల్తా పడితే, బయటికి రాకుండానే నడుము తిప్పి పడవతో సహా పైకి లేవాలి. నా పక్కనే గొంతు లోతు నీళ్లలో నిలబడి, "తల కడాన లేపాల పాపా. బయపడి ముందే లేపినావంటే మళ్లా మునుగుతావు" అనేవాడు.

గట్టు మీద వల బాగుచేసుకునే ముసలాయన ఒకసారి ఊరుకోలేక, "ఏందప్పా, పెండ్లి కావాల్సిన పిల్లను తలకిందులు చేస్తాండావు?" అన్నాడు.

"నేను చేసేదేముంది మామా? అదే పడతాంది, అదే లేస్తాంది" అన్నాడు చిన్నాయన. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

ఒక్కటి మాత్రం నాకు రాలేదు. పడవ ముక్కు నీళ్లలోకి దించి, తోక పైకి లేపి, నిట్టనిలువుగా కాసేపు ఆపడం. గంగకు తీసుకుపొమ్మని అడిగితే నవ్వేవాడు. "ఊరికే ఉండే నీళ్ల మీద రాంది, ఉరికే నీళ్ల మీద యాడొస్తాది? ఇది రానీ, పోదాం."

అది రాకముందే ఆయన కిడ్నీలు పోయినాయి. మార్కాపురానికి డయాలసిస్‌కు తిప్పడం మొదలైంది. నా కిడ్నీ ఇస్తానని పరీక్షలు చేయించుకున్నాను. కలవలేదన్నారు. "పోనీలే పాపా, నువ్వేం చేస్తావు" అని ఆయనే నన్ను ఓదార్చినాడు. ఆయన నీళ్లు కొలిచి తాగాలి. నోరెండిపోతే పిన్ని తడిగుడ్డ పెదాలకు అద్దేది. పక్కన కూర్చుని చూడటం తప్ప నా చేతిలో ఏమీ లేకపోయింది.

పోయిన నెల ఉన్నట్టుండి, "చెరువు కాడికి తీసకపో. అదొకటి చెయ్, చూస్తా" అన్నాడు. ఆటోలో తీసుకుపోయి గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టినాం. ఆ ఒక్కరోజు వస్తే చాలనుకున్నాను. పడినాను, లేచినాను, మళ్లీ పడినాను. చేతులు తెడ్డు పట్టలేకపోయినాయి. "చాలమ్మా, వచ్చెయ్" అని పిన్ని అరిచింది. చిన్నాయన మాత్రం ఇంకొకసారి అన్నట్టు వేలెత్తినాడు.

ముక్కు దించినాను. తోక లేచింది. ఆగినట్టే ఆగి, ఎడమకు ఒరిగిపోయింది. నీళ్లలోంచి లేచి కళ్లు తుడుచుకుని చూస్తే, గట్టు మీద చిన్నాయన కూడా కుర్చీలో ఎడమకే ఒరిగి ఉన్నాడు, డయాలసిస్ సూదులు గుచ్చిన చోట కట్టు కట్టిన చేతిని తెడ్డులాగా గాలిలోకి చాపి. పడిపోకుండా పిన్ని వెనక నుంచి ఆయన చొక్కాను రెండు చేతులా పట్టుకొని ఉంది.