పాల క్యాను సైలెన్సరు

గొట్టంలో గాలి ఎలా కంపిస్తుందో ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పిన మనిషిని నేను. మూసిన గొట్టం, తెరిచిన గొట్టం, అనునాదం. ఆ పాఠం చెప్పడంలో నన్ను మించినవాడు తిరుపతి మొత్తంలో లేడని నా నమ్మకం. అయితే ఆ గొట్టంలో వేడి పొగ పోతుందని, ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుందని ఆ పాఠంలో ఎక్కడా రాయలేదు. ఆ సంగతి మా బావమరిది కారు కింద పడుకున్నాకే తెలిసింది.

బావమరిది అంటే నా భార్య తమ్ముడు. చిత్తూరులో బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు నడుపుతాడు. వేళకు తిని వేళకు పడుకునే మనిషికి ఉన్నట్టుండి రేసుల పిచ్చి పట్టింది. ఒక పాత చిన్న కారు కొన్నాడు. వెనక సీట్లు పీకేశాడు, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టించాడు, షాపు వెనక షెడ్డులో పెట్టుకున్నాడు. మద్రాసు దగ్గర ఒక ట్రాకులో నెలకోసారి ఆదివారం నాడు ఇలాంటి వాళ్లంతా చేరతారు. ఒకరి తర్వాత ఒకరు కారు తోలి, ఎవరు తొందరగా చుట్టి వచ్చారో చూసుకుంటారు. బహుమతంటూ పెద్దగా ఏమీ ఉండదు. ఇంటికొచ్చి చెప్పుకోవడానికి పనికొస్తుంది, అంతే.

మొదటిసారి పోయినప్పుడు వీణ్ని లోపలికే రానివ్వలేదు. పవరు పెరుగుతుందని ఎవరో చెబితే, ఉన్న సైలెన్సరు కోసేసి ఒక ఉత్త గొట్టం తగిలించుకుని పోయాడు. గేటు దగ్గర మోత కొలిచే మీటరు పట్టుకుని ఒకతను కూర్చుని ఉంటాడట. చుట్టూ ఊళ్లున్నాయి కాబట్టి ఇంతకు మించి మోత చేయకూడదని వాళ్ల నియమం. అతను మీటరు చూసి, వీణ్ని చూసి, వచ్చిన దారినే పొమ్మన్నాడు.

ఈ సంగతి మా మామ చెవిన పడింది. ఆయన కొండ మీద క్యూలైన్ల దగ్గర డ్యూటీ చేసి రిటైరైన మనిషి. టికెట్టు లేనివాణ్ని, టైము తప్పినవాణ్ని, పంచె కట్టనివాణ్ని గేటు దగ్గర ఆపి వెనక్కి పంపడమే ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి కొడుకును ఇంకెవడో గేటు దగ్గర ఆపి వెనక్కి పంపాడు. కారు కొన్నప్పుడు పల్లెత్తు మాట అనని ఆయన, ఈ మాట విని ఆ పూట అన్నం ముట్టలేదు. చివరికి తీర్పు చెప్పాడు. వచ్చే నెల తానే వెంట వస్తాడు. మళ్లీ గేటు దగ్గరే తిప్పి పంపితే కారు అక్కడే ఎవరికైనా అమ్మేసి, బస్సెక్కి ఇంటికి రావాలి.

బావమరిది నాయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు. ఆ కారు అమ్మితే మాత్రం వాడు మనిషి కాకుండా పోతాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. మర్నాడే నాకు ఫోను చేశాడు.

"బావా, గొట్టాల లెక్క నీకు తెలుసు గదా. మోత తగ్గాల, పవరు తగ్గగూడదు. అయితాదా?"

కాదనడం నా ఒంటికి సరిపడదు. అదెంత పని అన్నాను.

కారు ఇంజనులో నాలుగు సిలిండర్లు. నాలుగింటి నుంచి నాలుగు గొట్టాలు బయల్దేరి, ఒకే పొడవు నడిచి, ఒకచోట కలవాలి. అలా చేస్తే ఒక గొట్టంలో పోయే పొగ పక్క గొట్టంలోని పొగను లాగుతుంది, ఇంజను తేలిగ్గా ఊపిరి వదులుతుంది. నేను గీసిన డ్రాయింగు చూసుకుని నాకే ముచ్చటేసింది. దాన్ని చిత్తూరుకు తీసుకుపోయి కారు కింద దూరి చూస్తే, రెండో గొట్టం సరిగ్గా స్టీరింగు రాడ్డు మధ్యలోంచి పోతోంది. కారు కింద అంతా ఖాళీ అనుకుని గీశాను. స్టీరింగు తీసేసి వేరేచోట పెడదామా బావా అని వాడు నిజంగానే అడిగాడు. నా లెక్క మీద వాడి గురి అలాంటిది. నేను వాడి మీద విసుక్కుని, గొట్టాలను మళ్లీ గీశాను. ఈసారి అవి జంతికల్లా మెలికలు తిరిగాయి.

వాటిని వంచి అతికించినవాడు ఇళ్లకు గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డరు. చేతి అలవాటు కొద్దీ, గొట్టాలను కారుకు బిగించే పట్టీ మీద ఒక నెమలి బొమ్మ కూడా అతికించాడు. ఎందుకయ్యా ఇది అంటే, బోసిగా ఉండాదని అన్నాడు. బరువు దండగ, కోసెయ్యమన్నాను. బావమరిది అడ్డం పడ్డాడు. నెమలి ఉండిపోయింది.

ఇక సైలెన్సరు. మా జిల్లాలో పాలకు కొదవలేదు, పాల క్యాన్లకు అసలే లేదు. ఒక స్టీలు క్యాను తెచ్చి అడుగునొక బెజ్జం, మూతకొక బెజ్జం పెట్టించాము. మధ్యలో ఒళ్లంతా తూట్లు పొడిచిన గొట్టం. ఆ గొట్టానికీ క్యానుకూ నడుమ గాజు దూది, గ్లాస్ వూల్ అంటారే అది. మోత ఆ తూట్లలోంచి దూదిలోకి పోయి అక్కడ అణిగిపోవాలి. తూట్లు ఎంత పెద్దవి ఉండాలని వెల్డరు అడిగితే, పెద్దవే ఉండనీ అన్నాను. ఆ దూది కూరిన రోజు ఒళ్లంతా గోక్కుంటూ ఇంటికి పోతే, నా భార్య మంచం మీదికి రానివ్వక వరండాలో చాప పరిచింది.

రేసుకు ముందు రోజు, శనివారం, పూర్తయిన క్యానును వెల్డరు దగ్గర తీసుకుని స్కూటరు మీద షెడ్డుకు బయల్దేరాము. బావమరిది తోలుతున్నాడు, నేను వెనక క్యానును వాటేసుకుని కూర్చున్నాను. ఆ వారం చిత్తూరు ట్రాఫిక్ పోలీసులు మోత బైకుల మీద పడ్డారు. కుర్రాళ్లు సరదాకు తగిలించుకున్న సైలెన్సర్లన్నీ ఊడదీయించి, రోడ్డు మీద వరసగా పేర్చి, అందరూ చూస్తుండగా రోడ్డు రోలరు ఎక్కిస్తున్నారు. ఆ వరస పక్కనుంచే మా స్కూటరు పోయింది. ఎస్ఐ చెయ్యి ఎత్తాడు.

ఇదేమిటని అడిగితే, బావమరిది కాస్త గర్వంగానే, రేపు మద్రాసు కాడ రేసులో కారుకు తగిలించే సైలెన్సరు సార్ అన్నాడు. అక్కడ పడుకోబెట్టిన వాటన్నిటికన్నా మాది పెద్దది. ఇంత పెద్దదైతే ఎంత మోత మోగుతుందో అని ఎస్ఐ దాన్ని వరసలో మొదట పెట్టించాడు. నేను ముందుకొచ్చి, సైలెన్సరంటేనే మోత తగ్గించేదని మొదలుపెట్టి, తరంగాలు, పరావర్తనం దాకా పోయాను. ఎస్ఐ మా కాలేజీలో వెనక బెంచీ పిల్లల్లాగే ఓపిగ్గా విన్నాడు. రోలరు స్టార్టు చేశారు.

"అయివారూ, అదంతా నాకు తెలవదు. ఇది మోత చెయ్యదని కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?"

మా వైపు ఇది ఆషామాషీ మాట కాదు. కాణిపాకం వినాయకుడి ముందు తడి బట్టలతో నిలబడి అబద్ధం చెప్పినవాడు బాగుపడడని అందరి నమ్మకం. కోర్టులో తెగని గట్టు తగాదాలు అక్కడ తెగుతాయి. దేవుడి మీద నాకు పెద్ద గురి లేదని స్టాఫ్ రూములో చెప్పుకు తిరుగుతుంటాను. ఆ మాట వినగానే పరావర్తనం దగ్గరే పాఠం ఆపేశాను.

బావమరిది మాత్రం, నేను చేస్తా సార్, ఇప్పుడే పోదాం పాండి అంటూ అప్పుడే స్కూటరు తిప్పుతున్నాడు. మా బావ లెక్క తప్పేదే లేదంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. వాడి మీదో, నా మీదో తెలియదు.

"గమ్మునుండబ్బా," అన్నాను. "ప్రమాణం వద్దు సార్. దీన్ని ఇంకా ఇంజనుకు తగిలించి సూడలేదు. మోత తగ్గాలనేది నా లెక్క. తగ్గుతాదో లేదో నాకు తెలవదు."

బావమరిది నన్ను ఒక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నా జీవితంలో నాకు తెలవదు అనే మాట వాడు నా నోట వినడం అదే మొదలు. ఎస్ఐ రోలరు తోలేవాణ్ని ఆగమని సైగ చేశాడు.

"పొద్దున్నించి ఈడికొచ్చిన పిల్లోళ్లంతా ప్రమాణం చేస్తామనే అన్నారు. వద్దనింది మీరొక్కరే. తీస్కపోండి. ఆడ మోత ఎక్కువొచ్చిందంటే మాత్రం సోమవారం మీరే తెచ్చి ఈ వరసలో పెట్టాల."

షెడ్డు లోపలికి పోయాక, వాడు నిజంగానే తెలవదా బావా అని మెల్లగా అడిగాడు. తెలవదన్నాను. క్యాను చేతుల్లోకి తీసుకుని, అట్లయితే తగిలించి చూద్దాం పా అన్నాడు. తగిలించి స్టార్టు చేస్తే కారు పెంపుడు పిల్లిలా గురగురమంది. మేమిద్దరం ఒకరినొకరం వాటేసుకున్నాము.

ఆదివారం కారును మినీ లారీ ఎక్కించుకుని పోయాము. మామ ఇస్త్రీ పంచె కట్టుకుని, పెరుగన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ట్రాకు గేటు ముందు కార్లు బారు తీరి ఉన్నాయి. మా కారునూ దింపి ఆ బారు చివర నిలబెట్టాము. మామ ముందుచూపు గల మనిషి. ఆ బారులో మా ముందున్న ఒక కుర్రాడితో మాట కలిపి, వెనక్కి పంపితే కారు కొంటావా అని బేరం కూడా కుదిర్చి పెట్టుకున్నాడు. బావమరిది ఆ మాటలు విని హెల్మెట్టు నెత్తిన పెట్టేసుకున్నాడు, ముఖం కనిపించకుండా.

మా వంతు వచ్చింది. మీటరతను యాక్సిలరేటరు గట్టిగా తొక్కమన్నాడు. తొక్కగానే క్యాను వెనకనుంచి తెల్లటి దూది పింజెలు ఎగిరొచ్చాయి. నేను పెద్దవే ఉండనీ అన్న తూట్లలోంచి, కూరిన దూదిలో సగం బయటికొచ్చి వెనక నిలబడిన మామ మీద పడింది. మోత చెవులు గింగుర్లెత్తించింది. మీటరతను తల అడ్డంగా ఊపి, పక్కకు తీయమన్నాడు. నాకు ఆ కారు కిందే దూరి ఉండిపోవాలనిపించింది.

అప్పుడు మామ మెడ గోక్కుంటూ మీటరతని దగ్గరికి పోయాడు. "అబ్బా, మళ్లా పోయి క్యూలో కడాకు నిలబడితే, ఇంకోసారి కొలస్తావా?" అని అడిగాడు. ఉద్యోగమంతా అదే మాట జనం నోట వింటూ, కుదరదు పొమ్మంటూ గడిపిన మనిషి. గొంతు అంత మెత్తగా పెట్టి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గేటు మూసేలోగా వస్తే చూస్తానన్నాడు అతను.

మిగిలిన దూదిని తూట్లలోంచి పోకుండా ఆపేది, మంటకు కాలనిది ఏదో కావాలి. పాల క్యాను మూత విప్పి తల పట్టుకుని కూర్చుంటే, గిన్నెలు తోమే స్టీలు పీచు గుర్తొచ్చింది. ఆ మాట అన్నానో లేదో, మామ పంచె ఎగ్గట్టి రోడ్డు మీదికి పోయాడు. కాసేపటికి అరవ అంగట్లో తోరణంలా వేలాడదీసిన పీచు ఉండలన్నీ అట్టలతో సహా భుజాన వేసుకుని వచ్చాడు. ఏ పెళ్లికి వంట చేస్తున్నారని అంగడామె అడిగిందట. ముగ్గురం కూర్చుని ఆ ఉండలను సాగదీసి గొట్టానికి చుట్టాము. వేళ్లు కాలాయి, కోసుకుపోయాయి. మిగిలిన దూది కూరి, మూత బిగించి, బారు చివరికి పోయి నిలబడ్డాము.

ఈసారి దూది రాలేదు. మీటరతను అంకె చూశాడు, ఇంకోసారి తొక్కమని మళ్లీ చూశాడు, హద్దు దాటలేదని చెప్పి చీటీ మీద సంతకం పెట్టాడు. గేటు తెరిచారు. బావమరిది కారు లోపలికి పోతుంటే మామ దాని వెంట నాలుగడుగులు నడిచాడు, వదిలిపెడితే ఎవరైనా మళ్లీ ఆపుతారేమోనన్నట్టు.

రేసులో వాడు అందరికన్నా కడాన వచ్చాడు. నా గొట్టాలు పవరు పెంచాయో తగ్గించాయో ఈనాటికీ తెలియదు. హెల్మెట్టు తీసి, తల వంచుకుని నాయన ముందు నిలబడ్డాడు. అంతలో పొద్దున బేరం మాట్లాడిన కుర్రాడు వచ్చి, ఏం పెద్దాయనా, కారు ఇస్తానన్నారు కదా, తీసుకుపోనా అన్నాడు. బావమరిది తాళం చెవి తీసి నాయన చేతిలో పెట్టాడు.

మామ ఆ తాళం చెవిని తన జేబులో వేసుకున్నాడు.

"అది గేటు బయట మాట్లాడిన మాటప్పా," అన్నాడు. "ఇప్పుడు మేము లోపలుండాము."